పంచాంగం చూసి వెళ్లిన ఏప్రిల్, ప్రవాహం చూసి వెళ్లిన సెప్టెంబర్: హువాన్ డి ఫ్యూకా జలసంధిలో హాలిబట్, కోహో వేటపై ఒక కేస్ స్టడీ

ఒకే పడవలో, ఒకే రేవు నుంచి, దాదాపు ఒకే రకమైన గాలి సూచన చదువుకుని నేను చేసిన రెండు వేటల వివరాలు ఇక్కడ రాస్తున్నాను. మొదటిది ఏప్రిల్‌లో సముద్రపు అడుగున ఉండే బల్లపరుపు చేప హాలిబట్ కోసం, రెండోది అదే ఏడాది సెప్టెంబర్‌లో కోహో సాల్మన్ కోసం. మొదటి వేటలో చేప దొరికింది కాని నేను చేసిన తప్పుల వల్ల నలుగురు మనుషులు ప్రమాదానికి చాలా దగ్గరగా వెళ్లి వచ్చారు. ఆ తప్పులన్నీ ఒకే చోట మొదలయ్యాయి: నీటి ఎత్తు చెప్పే పట్టికను నీటి కదలిక చెప్పే పట్టికగా నేను చదివాను. ఈ జలసంధిలో వేటకు పరిస్థితులు బాగున్నాయా లేదా అన్న ప్రశ్నకు మొదటి జవాబు గాలిలోనో ఆకాశంలోనో కాక ప్రవాహంలో ఉంటుందని నేను నేర్చుకున్నది ఆ రోజే.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికీ కెనడాకు చెందిన వాంకూవర్ దీవికీ మధ్య పసిఫిక్ మహాసముద్రం లోపలికి చొచ్చుకు వచ్చే పొడవాటి నీటి దారి ఈ జలసంధి. సియాటెల్, టకోమా, వాంకూవర్ రేవులకు మహాసముద్రం నుంచి వెళ్లే నౌకలు దాదాపు అన్నీ దీని గుండానే పోతాయి. దక్షిణపు ఒడ్డున ఒలింపిక్ పర్వతాల పాదాల దగ్గర పోర్ట్ ఏంజెలెస్ పట్టణం ఉంది. ఎడిజ్ హుక్ అనే సన్నని ఇసుక దిబ్బ తూర్పుకు చాచిన చేయిలా ఆ రేవును కాపాడుతుంది. మేము పడవ దింపేది ఆ దిబ్బ మీద ఉన్న ర్యాంపు నుంచే. నా పడవ 22 అడుగుల అల్యూమినియం పడవ. దానికి 150 హార్స్‌పవర్ ఇంజనూ, నెమ్మదిగా నడపడానికి చిన్న ఇంజను ఒకటీ ఉన్నాయి. రాడార్ లేదు.

ఏప్రిల్ వేటకు నాతో వచ్చినవారు ముగ్గురు: నా బావమరిది, సియాటెల్ దగ్గరి బోతెల్ నుంచి ఇద్దరు మిత్రులు. ఆ ఇద్దరికీ సముద్రం మీద అది మొదటి రోజు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. పడవలో కొత్తవాళ్లు ఉన్నప్పుడు ప్రణాళికలో పొరపాటుకు చోటు ఇంకా తగ్గుతుంది, కాని ఆ రోజు నేను అలా ఆలోచించలేదు.

రోజును నేను ఎంచుకున్న పద్ధతి నుంచే తప్పు మొదలైంది. విశాఖ తీరంలో పెరిగినవాడిని కాబట్టి పున్నమికీ అమావాస్యకూ పోటు పెద్దదనీ, అష్టమి నవములకు నీరు మెత్తగా ఉంటుందనీ చిన్నప్పటి నుంచి విన్నాను. హాలిబట్ వేటకు మెత్తని నీరే కావాలి. నూరు, నూటయాభై అడుగుల లోతున అడుగుకు అంటుకుని ఉండే చేప కోసం ఎరను అడుగునే నిలపాలంటే ప్రవాహం తక్కువగా ఉండాలి, లేకపోతే రెండు పౌండ్ల సీసం కట్టినా తాడు వాలిపోయి ఎర పైకి తేలిపోతుంది. అందుకని అష్టమి నాటికి వచ్చే శనివారం చూసి వెళ్దామన్నాను. విశాఖలో ఈ లెక్క ఏ నెలలోనైనా దాదాపు సరిపోతుంది, ఎందుకంటే అక్కడ రోజుకు రెండు పోట్లు (నీరు పెరగడం), రెండు పాట్లు (నీరు తగ్గడం) దాదాపు సమానంగా వస్తాయి, వాటి పరిమాణాన్ని ప్రధానంగా చంద్రకళ నిర్ణయిస్తుంది.

పోర్ట్ ఏంజెలెస్ దగ్గర నీరు అలా నడవదు. రోజుకు రెండుసార్లు వచ్చే పోటు ఈ భాగంలో బాగా బలహీనపడుతుంది. అందువల్ల రోజుకు ఒకసారి వచ్చే పోటు భాగం పైచేయి సాధిస్తుంది. రోజుకు ఒకసారి వచ్చే ఆ భాగం చంద్రకళకు కాక చంద్రుడి క్రాంతికి, అంటే చంద్రుడు భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన లేదా దక్షిణాన ఉన్నాడన్న దానికి లోబడి ఉంటుంది. జూన్, డిసెంబర్ నెలల్లో అష్టమి చంద్రుడు భూమధ్యరేఖకు దగ్గరగా ఉంటాడు కనుక అప్పుడు మన లెక్కా ఇక్కడి లెక్కా కలుస్తాయి, అష్టమి నిజంగానే మెత్తని నీరు తెస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లోనూ మళ్లీ సెప్టెంబర్‌లోనూ అష్టమి చంద్రుడు భూమధ్యరేఖకు బాగా దూరంగా ఉంటాడు. అప్పుడు రోజులో ఒక పాటు చిన్నగానూ, మరొకటి పొడవుగా, బలంగానూ వస్తుంది. నేను ఎంచుకున్నది సరిగ్గా అలాంటి అష్టమిని. పట్టికలో ఉదయపు అంకెలు చిన్నవిగా కనిపించగానే సంతోషించి, మధ్యాహ్నం తర్వాత దిగబోయే పెద్ద పాటును పట్టించుకోలేదు.

ఆ రోజు వాతావరణ సూచన ఇలా ఉంది: ఉదయం పడమటి గాలి 10 నుంచి 15 నాట్లు (నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు వేగం), మధ్యాహ్నం తర్వాత 15 నుంచి 25 నాట్లు. అంతకు ముందు రాత్రి చలిగాలుల ఫ్రంట్, అంటే చల్లని గాలి రాశి ముందంచు ఒకటి దాటిపోయింది. ఫ్రంట్ వెళ్లిపోయిన తర్వాత సముద్రం వైపు పీడనం పెరిగి లోపలి భూభాగంలో తక్కువగా ఉంటే, ఆ తేడా వల్ల గాలి ఈ జలసంధిని గొట్టంలా వాడుకుని పడమటి నుంచి తూర్పుకు తోసుకువస్తుంది. తీరాన ఉన్న క్విలయూట్‌కూ లోపల ఉన్న బెల్లింగ్‌హామ్‌కూ మధ్య పీడనం తేడా పెరుగుతోందా తగ్గుతోందా అని చూస్తే ఈ గాలి సంగతి ముందే తెలుస్తుంది. అది నాకు తెలుసు, అయినా ఆ ఉదయం చూడలేదు. సూచనలో మొదటి సగం నాకు నచ్చింది, రెండో సగం సమయానికి మేము ఒడ్డున ఉంటామనుకున్నాను.

పట్టిక ప్రకారం ఉదయం 8 గంటల ప్రాంతంలో పాటు పూర్తవుతుంది. స్లాక్, అంటే నీరు నిలిచే వేళ కూడా అదేనని అనుకుని 7.30కి రేవుకు తూర్పున ఉన్న గ్రీన్ పాయింట్‌కు ఎదురుగా 150 అడుగుల లోతులో గాలాలు దింపాం. ఎల్ ఆకారపు తీగ, పొట్టి కొమ్ముకు ఎర, పొడవు కొమ్ముకు సీసం, కొన లోపలికి వంగిన సర్కిల్ హుక్కులకు హెరింగ్ చేపా స్క్విడ్ ముక్కా గుచ్చి కట్టాం. ఒక పౌండు సీసం అడుగును తాకలేదు. రెండు పౌండ్లు వేస్తే ఒకసారి తాకి లేచిపోయింది. గంటసేపు ఇలాగే గడిచింది. 8.30 దాటాక బావమరిది ఒక మాట అన్నాడు: "బావా, పడవ అటు పోతోంది, గాలం ఇటు పోతోంది." పడవ పడమటికి జారుతుంటే తాడు మొదట పడమటికి వాలి, లోతుకు వెళ్లిన కొద్దీ తూర్పుకు వంగుతోంది. అతను చూసింది జలసంధి స్వభావంలోని ముఖ్యమైన విషయమని నాకు అర్థం కావడానికి ఇంకొంత సేపు పట్టింది.

ఈ జలసంధిలోకి నదుల నీరు చాలా వస్తుంది, అందులో పెద్ద వాటా కెనడాలోని ఫ్రేజర్ నదిది. తేలికైన ఆ మంచినీరు పైపొరగా మహాసముద్రం వైపు జారుతుంటే, బరువైన ఉప్పునీరు అడుగున లోపలికి వస్తుంది. ఈ రెండు పొరల నడకకు ఆటుపోట్లు తోడవుతాయి. కాబట్టి పైన పాటు ఇంకా సాగుతుండగానే అడుగున పోటు మొదలై ఉండవచ్చు. అంతేకాక నీటి మట్టం కనిష్ఠానికి చేరే వేళా, ప్రవాహం ఆగే వేళా ఇక్కడ ఒకటి కావు, మట్టం పెరగడం మొదలయ్యాక కూడా నీరు బయటికే పారుతూ ఉంటుంది. రేవులో గోడ మీద కొలిచే ఎత్తుకు ఒక పట్టిక, ప్రవాహ వేగానికి మరొక పట్టిక వేర్వేరుగా ప్రచురించడానికి కారణం ఇదే. ఆ రోజు నా దగ్గర ఉన్నది మొదటిది మాత్రమే. జూన్‌లో మంచు కరిగి ఫ్రేజర్ నిండుగా ప్రవహించే రోజుల్లో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుందని తర్వాతి సంవత్సరాల్లో గమనించాను.

9.40కి పడవ జారడం ఆగింది. తాడు నిటారుగా దిగింది, ఒక పౌండు సీసం అడుగున టక్కుమని తగలడం చేతికి తెలిసింది. హాలిబట్‌కు పూర్తిగా నిలిచిన నీటి కన్నా, అర నాటు వేగంతో మెల్లగా కదిలే నీరు మేలు. అది ఎర వాసనను అడుగు వెంట మోసుకుపోతుంది, చేప ఆ దారి పట్టుకుని వస్తుంది. గుడ్డు నుంచి బయటికి వచ్చినప్పుడు మిగతా చేపల్లాగే రెండు పక్కలా ఒక్కో కన్నుతో పుట్టి, పెరిగే క్రమంలో ఎడమ కన్ను కుడివైపుకు జరిగిపోయి, ఆ తర్వాత జీవితమంతా ఎడమ పక్క నేలకు ఆనించి పడుకునే చేప ఇది. పై పక్క బురద రంగు, కింది పక్క తెలుపు. 55 ఏళ్ల దాకా బతికిన హాలిబట్‌లు నమోదయ్యాయి. బాగా పెద్దవన్నీ దాదాపు ఆడవే. అలాంటి జీవిని నీళ్లలోంచి పైకి లాగేటప్పుడు నాకు ప్రతిసారీ గౌరవం కలుగుతుంది.

10 గంటల లోపు ఒక మిత్రుడి గాలానికి బరువైన లాగుడు వచ్చింది. సర్కిల్ హుక్‌తో వెంటనే ఎగరలాగకూడదు, చేప తనంతట తాను తిరిగే దాకా ఆగాలి. అతను ఆగాడు. 38 అంగుళాల చేప, బరువు దాదాపు 24 పౌండ్లు. మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి మంచులో పెట్టి, పట్టిన చేపల కార్డులో అక్కడే నమోదు చేశాం. వాషింగ్టన్‌లో మనిషికి రోజుకు ఒక హాలిబట్ మాత్రమే. అమెరికా, కెనడాలు 1923లో ఒప్పందం చేసుకుని ఏర్పాటు చేసిన అంతర్జాతీయ హాలిబట్ కమిషన్ ఏటా ఎంత పట్టవచ్చో నిర్ణయిస్తుంది, ఆ వాటా అయిపోతే సీజను ముగుస్తుంది. వేసవిలో బంగాళాఖాతంలో వేట నిలిపే పద్ధతి చూసి పెరిగిన నాకు, చేపకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వడం ఎందుకో ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

తర్వాత ఒక రాక్‌ఫిష్ పడింది. లోతు నుంచి వేగంగా పైకి తెస్తే లోపలి గాలితిత్తి ఉబ్బి ఈ చేప తిరిగి మునగలేదు. దానిని బరువుకు తగిలించి మళ్లీ లోతుకు దింపి వదిలే పరికరం పడవలో సిద్ధంగా ఉండాలని ఇక్కడి నిబంధన. దానితో దింపాం. 10.30 కల్లా నీరు తూర్పుకు బలంగా తిరిగింది, గాలాలు మళ్లీ వాలిపోయాయి.

అక్కడే ఇంటిదారి పట్టి ఉండవలసింది. ఉదయం పోగొట్టుకున్న రెండు గంటలు నా మనసులో మెదులుతున్నాయి, ముగ్గురికి ఇంకా చేప పడలేదు. మధ్యాహ్నం మరో స్లాక్ వస్తుంది కదా, అంతదాకా ఆగుదాం అన్నాను. గాలి అప్పటికే 15 నాట్లు ఉంది, అయినా నీరు చదునుగానే కనిపించింది. పోటు తూర్పుకు, గాలీ తూర్పుకు. రెండూ ఒకే దిశలో నడిచినప్పుడు అల సాగి, పలచబడుతుంది. గాలి బలం కంటికి తెలియదు. సముద్రం మంచిగా ఉందని మిత్రులు అన్నప్పుడు నేనూ ఒప్పుకున్నాను. ఈ మొత్తం కేసులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ ఒప్పుకోలే, ఎందుకంటే అప్పుడు నేను చూసినది సముద్రపు నిజమైన స్థితి కాదు, గాలీ నీరూ కాసేపు ఒకే వైపు నడవడం మాత్రమే.

మధ్యాహ్నపు స్లాక్ ఇరవై నిమిషాలైనా నిలవలేదు. అష్టమి నాటి ఆ పెద్ద పాటు మొదలై నీరు పడమటికి తిరిగింది. అప్పటికి గాలి 20 దాటి 25 నాట్లకు చేరువైంది. ఎదురు ప్రవాహంలోకి వచ్చిన అల పొడవు తగ్గి, ఎత్తు పెరుగుతుంది. ఆ మార్పు ఎంత త్వరగా వచ్చిందంటే, గాలాలు చుట్టి, సామాను కట్టేలోపే పడవ ముక్కు మీద నుంచి నీళ్లు రావడం మొదలైంది. నాలుగు సెకన్లకు ఒకటి చొప్పున నాలుగడుగుల అలలు. మహాసముద్రం నుంచి పద్నాలుగు సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే ఆరడుగుల స్వెల్ (దూరం నుంచి వచ్చే సాగిన అలలు) మీద ఇదే పడవలో నిశ్చింతగా టీ తాగవచ్చు. ఎత్తు ఒక్కటే చెప్పి వ్యవధి చెప్పని అల సమాచారం ఎందుకూ పనికిరాదని నేను అంటే అది ఈ అనుభవంతోనే. ఎడిజ్ హుక్ పడమటి వైపు ఉంది, కాబట్టి మేము అలలకు ఎదురే వెళ్లాలి. ఇరవై నిమిషాల దారికి గంటా పది నిమిషాలు పట్టింది.

ఆ గంటలో చేసిన ఒకే ఒక మంచి పని ఒడ్డుకు దగ్గరగా జరగడం. ఒడ్డు పక్కన పాటు బలం తగ్గుతుంది, దానితో అల నిటారుతనమూ తగ్గుతుంది. లోతు చూపే తెర మీద నుంచి కళ్లు తీయకుండా, కెల్ప్ నాచు తీగలు ఇంజనుకు చుట్టుకోకుండా వెళ్లాం. అందరం లైఫ్ జాకెట్లు ఉదయం నుంచీ వేసుకునే ఉన్నాం. నీటి వేడి 9 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ. అంత చల్లని నీటిలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపు చేసుకోవడానికే సరిపోతుంది, చేతులు పనిచేసేది పది నిమిషాలు, స్పృహ ఉండేది సుమారు గంట అని ఇక్కడ శిక్షణలో చెబుతారు. ఒక మిత్రుడికి వాంతులయ్యాయి, ఇంకొకతను మాట్లాడటం మానేసి రెయిలింగ్ పట్టుకుని కూర్చున్నాడు. ఇసుక దిబ్బ చాటుకు రాగానే నీరు ఒక్కసారిగా శాంతించింది. ర్యాంపు దగ్గర ఇద్దరికీ క్షమాపణ చెప్పాను. వాళ్లు ఫరవాలేదన్నారు. ఆ మాటతో నా మనసు కుదుటపడలేదు.

సెప్టెంబర్ రెండో వారంలో అదే బావమరిదీ నేనూ మళ్లీ వెళ్లాం. వాతావరణ సూచన చదివితే ఆశ్చర్యం వేసింది: ఉదయం పడమటి గాలి 10 నుంచి 15, తర్వాత 15 నుంచి 25. అదే వాక్యం. ఈసారి ప్రణాళిక మాత్రం ప్రవాహ పట్టిక ముందు పెట్టుకుని తయారైంది. క్విలయూట్, బెల్లింగ్‌హామ్ పీడనాలు చూశాను. జలసంధి ముఖద్వారంలో ఉన్న 46087 బోయ్ (నీటిపై తేలుతూ గాలి, అలలు కొలిచే పరికరం), తూర్పున న్యూ డంజెనెస్ దగ్గరి 46088 బోయ్ ఇచ్చే గాలి, అల, అల వ్యవధి రాసుకున్నాను. పడమటి బోయ్ దగ్గర గాలి పెరగడం మొదలైతే అది మా దగ్గరకు రావడానికి కొంత వ్యవధి ఉంటుంది, ఆ వ్యవధే మాకు దొరికే హెచ్చరిక. పట్టిక ప్రకారం తెల్లవారుజాము నుంచి పాటు సాగి 11 తర్వాత తిరుగుతుంది. ఉదయపు తేలిక గాలిలో పాటు మీద వేటాడి, గాలి బలపడక ముందే రేవులో ఉండాలి. చేప పడినా పడకపోయినా 10.45కి గాలాలు పైకి తీయాలని ర్యాంపు మీదే ఇద్దరం ఒప్పుకున్నాం. పొగమంచు పడితే అసలు బయలుదేరకూడదన్నది రెండో ఒప్పందం, ఎందుకంటే కోహో తిరిగే చోటు పెద్ద నౌకల దారికి దగ్గరగా ఉంటుంది, మా దగ్గర రాడార్ లేదు. ఆ ఉదయం ఆకాశం శుభ్రంగా ఉంది.

హాలిబట్ వేటలో నన్ను ఓడించిన ప్రవాహమే కోహో వేటలో దారి చూపింది. రెండు వేగాల నీళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట పొడవాటి గీత ఒకటి ఏర్పడుతుంది. దాని వెంట నురుగు, తెగిన కెల్ప్, కొమ్మలు చేరతాయి. చిన్న రొయ్యల్లాంటి క్రిల్, హెరింగ్ పిల్లలు అక్కడ చిక్కుపడతాయి, వాటి కోసం ఆక్లెట్ పక్షులు మునుగుతాయి, కింద కోహో తిరుగుతుంది. నదిలోకి వెళ్లి గుడ్లు పెట్టే ముందు సముద్రంలో గడిపే ఆ చివరి వేసవిలో కోహో ఆగకుండా తింటుంది, వారం వారానికీ బరువెక్కుతుంది. అందుకే సెప్టెంబర్ చేప జూలై చేప కన్నా స్పష్టంగా పెద్దది. నీరు నిలిస్తే ఆ గీత చెదిరిపోతుంది, మేత చెదురుతుంది, కోహో కూడా చెదురుతుంది. హాలిబట్ కోసం నేను ఎదురుచూసే స్లాక్ కోహో వేటగాడికి టీ తాగే సమయం మాత్రమే.

ఒడ్డుకు మూడు మైళ్ల ఉత్తరాన గీత దొరికింది. డౌన్‌రిగ్గర్ (బరువుతో గాలాన్ని కోరిన లోతున నిలిపే పరికరం) మీద 40 అడుగులకు ఒక గాలం, పైపొరలో ఇంకొకటి, రెండింటికీ ఫ్లాషర్ అనే మెరిసే రేకు వెనుక హూచీ అనే చిన్న ఆకుపచ్చ ప్లాస్టిక్ ఎర పెట్టి మూడు నాట్ల వేగంతో గీత పక్కనే నడిపాం, దాన్ని అడ్డంగా దాటలేదు. ముళ్లు లేని హుక్కులే వాడాలి కనుక తాడు ఒక్క క్షణం వదులైనా చేప జారిపోతుంది. 9.30 లోపు ఏడు చేపలు గాలానికి వచ్చాయి. వీపు మీద తోక వైపు ఉండే చిన్న కొవ్వు రెక్క కత్తిరించి ఉంటే అది హ్యాచరీలో పుట్టిన చేప, ఉంచుకోవచ్చు. రెక్క ఉంటే అది సాధారణంగా నదిలో సహజంగా పుట్టినది, ఆ రోజు నిబంధన ప్రకారం పడవలోకి ఎత్తకుండా నీళ్లలోనే విడిచిపెట్టాలి. నాలుగు ఉంచుకున్నాం, మూడింటిని వదిలాం. పోర్ట్ ఏంజెలెస్‌కు కాస్త పడమటన ఈ జలసంధిలో కలిసే ఎల్వా నది మీద ఆనకట్టలు తొలగించడం 2011లో మొదలై 2014లో పూర్తయింది. అప్పటి నుంచి ఆ నదిలో పైకి ఈదడానికి చేపలకు దారి తెరుచుకుంది. వదిలిన వాటిలో ఒకటి అటే వెళ్లేదేమో అని అనుకోకుండా ఉండలేకపోయాను.

10.20కి 46087 బోయ్ దగ్గర గాలి 18 నాట్లకు పెరిగిందని రేడియోలో విన్నాం. మా చోట ఇంకా 8. గీత బాగానే ఉంది, పక్షులు ఇంకా మునుగుతున్నాయి. ఒప్పందం ప్రకారం ఇంకో పాతిక నిమిషాలు ఉన్నా వెంటనే గాలాలు తీసేశాం. 11 గంటలకు పడవ ట్రెయిలర్ మీద ఉంది. చేపలు శుభ్రం చేసి, బావమరిది తలలు వేరుగా పులుసు కోసం సంచిలో కట్టుకునే సరికి, దిబ్బకు అవతల తెల్లని నురుగు తలలు వరుసగా తూర్పుకు పరుగెత్తడం మొదలైంది.

అప్పటి నుంచి గ్రీన్ పాయింట్ దగ్గర ప్రతి హాలిబట్ వేటలోనూ ఒక చిన్న కొలత తీసుకుంటున్నాను. పట్టిక చెప్పిన స్లాక్‌కు గంట ముందు నుంచి పదిహేను నిమిషాలకు ఒకసారి ఒక పౌండు సీసం అడుగుకు దింపి, తాడు ఏ దిశకు ఎంత వాలిందో, పడవ ఏ దిశకు జారుతోందో పక్కపక్కన రాస్తాను. ఇప్పటికి పద్నాలుగు రోజుల నమోదు ఉంది. పైనీరు నిలిచే వేళ ప్రవాహ పట్టికకు చాలావరకు సరిపోతోంది. అడుగు నీరు దాదాపు ప్రతిసారీ అంతకంటే ముందే తిరుగుతోంది, ఎంత ముందన్నది రోజుకు ఒకలా ఉంటోంది. వచ్చే ఏప్రిల్‌కు ఎంచుకున్న రోజు చంద్రుడి క్రాంతి తక్కువగా ఉన్న రోజు, అష్టమి కాదు. ఆ రోజు పడవలో ఉండేది నేనూ బావమరిదీ మాత్రమే. కొలత పూర్తయ్యాకే గాలాలు దింపుతాం.